మీసానికి పన్నెండు కణుపులు

3వ తారీఖు, సోమవారం

ఇంట్లో కూర్చోవడం ఇవాళ్టికి నాలుగో రోజు. దీన్ని సెలవు అంటున్నారు. సెలవైతే నేనడగాలి కదా. నేనడగలేదు. "సంజాయిషీ రాసిచ్చేదాకా కాస్త విశ్రాంతి తీసుకోండి" అన్నాడు మేనేజరు, ఆస్పత్రిలో పేషెంటుని పలకరించినట్టు. ఆ మందుల కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా లేబుళ్ళు సరిచూస్తున్నాను. ఇన్నేళ్ళలో నా ఆరోగ్యం గురించి వాడికి బెంగ పుట్టడం ఇదే మొదలు.

ఒక్క తప్పు. కంటి చుక్కల సీసా మీద "చెవిలో వేసుకోవాలి" అని పడింది. రెండు వేల నాలుగు వందల సీసాలు బజార్లోకి వెళ్ళిపోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు, అది మాత్రం ఎక్కడైనా గట్టిగా చెప్పగలను. ఎవరో పెద్దాయన చుక్కలు వేసుకున్నాక చెవి బాగా వినిపిస్తోందని కంపెనీకి మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశాడు. ఆ ఉత్తరం మాత్రం ఫైల్లో పెట్టరు.

అసలు ఆ మేనేజరుకి మా పని ఎలా జరుగుతుందో తెలిస్తే కదా. మూడుసార్లు చెప్పాను. ఒకరు ఖాయం చేసిన ప్రతిని పైకి చదువుతారు. ఇంకొకరు ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫు మీద స్కేలు పెట్టుకుని, వినిపించేదీ అక్కడున్నదీ ఒకటేనా అని లైను లైనుకీ చూస్తారు. చదివేది మా జూనియరు. గొంతు స్పష్టంగా ఉంటుందని ఆఫీసంతా ఆ అమ్మాయిని రేడియో అంటారు. చూసేది నేను. అయ్యాక ఇద్దరం పొట్టి సంతకాలు పెడతాం. కాగితం మీద మిగిలేది ఆ రెండు సంతకాలే. తప్పు చదవడంలో జరిగిందా, చూడడంలో జరిగిందా అన్నది కాగితం చెప్పదు.

చదవడంలోనే జరిగి ఉంటుందని వాళ్ళ అనుమానం. మూడేళ్ళ అనుభవం తప్పు చేస్తుంది గానీ ఇరవై రెండేళ్ళది చెయ్యదు కదా, వాళ్ళ లెక్క అది. రేడియోని సస్పెండ్ చేశారు. వచ్చే నెల ఆమె ఉద్యోగం ఖాయం కావాలి. ఈ మచ్చ పడితే ఇక ఏ మందుల కంపెనీ గుమ్మం ఎక్కనివ్వదు. "ఆ అమ్మాయి ఏమని చదివిందో గుర్తుందా?" అని నన్నడిగారు. గుర్తులేదన్నాను. నిజంగానే గుర్తులేదు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని లేబుళ్ళు. అదే రాతలో ఇమ్మన్నారు, 20లోగా. బోలెడు టైముంది.

పంచదార డబ్బా మూత కింద చీమలున్నాయి. మహా చిన్నవి. తల నలుపు, ఒళ్ళు మాత్రం పాలిపోయినట్టుంది. ఇలాంటి చీమని నేనింతవరకు చూడలేదు.

4, మంగళవారం

మా ఆవిడ పొడి చల్లబోయింది. ఆపాను. ఏ జాతో తెలియకుండా ఏ పొడని చల్లుతావ్ అన్నాను. ఆమె బస్ డిపోలో ఎంక్వైరీ కౌంటర్లో పనిచేస్తుంది. పొద్దస్తమానం ఏ బస్సు, ఎన్నింటికి, ఎన్నో ప్లాట్‌ఫారం అని చెప్పీ చెప్పీ, ఇంట్లో కూడా మాటలు టికెట్టు చింపినట్టు చింపి ఇస్తుంది. "చీమ జాతి," అంది.

వంటింటి గట్టు తుడుస్తుంటే రెండు చీమలు గుడ్డ కింద నలిగాయి. గుడ్డ వాసన చూసి మొహం అటు తిప్పుకుని, కుళ్ళిన కొబ్బరి కంపు కొడుతున్నాయంది. వాసన ఆధారం కిందకి రాదని చెప్పాను. ఆధారమంటే కంటికి కనబడాలి. ఆమె గుడ్డ ఉతుక్కోవడానికి వెళ్ళిపోయింది.

ఆఫీసు భూతద్దం నా బ్యాగులోనే ఉండిపోయింది. మంచిదే అయింది.

5, బుధవారం

సంజాయిషీకి తెల్లకాగితం తీశాను. మార్జిన్ గీశాను. రేపు రాస్తాను.

6, గురువారం

లైబ్రరీ నుంచి చీమల పుస్తకం తెచ్చాను. ఎంత మర్యాదగల పుస్తకమో చెప్పలేను. ఒక ప్రశ్న అడుగుతుంది, దానికి రెండే జవాబులు. నడుం దగ్గర బుడిపె ఒకటా, రెండా? ఒకటైతే 14వ పేజీకి పోండి, రెండైతే 31కి. అక్కడికి పోతే ఇంకో ప్రశ్న. మీసం మోచెయ్యిలా వంగిందా, లేదా? కోపం లేదు, అనుమానం లేదు, "గతంలో మీ సర్వీసు దృష్ట్యా" అని మొదలుపెట్టడం లేదు. మనుషుల ఎంక్వైరీలు కూడా ఇలా ఉంటే ఎంత బాగుండేది.

నేను 14కి వెళ్ళి, అక్కణ్ణించి 19కి వెళ్ళి, మళ్ళీ 14కే వచ్చాను. అంటే ఈ చీమ పుస్తకంలో లేదు. ఆలోచించాల్సిన విషయమే.

7, శుక్రవారం

పొద్దున్నించీ వంటింట్లోనే. చీమ ఒక్క క్షణం కుదురుగా ఉండదు. పట్టుకోబోతే తోవ మార్చేస్తుంది. చివరికి ఒకదాన్ని తడి కుంచెతో ఎత్తి స్పిరిట్ సీసాలో వేశాను.

భూతద్దం కింద ఎంతసేపు చూసినా కళ్ళు నీళ్ళు కారడమే తప్ప మీసాల మీది కణుపులు కనబడవు. చూడటం అనేది అంత తేలికైన పని కాదు. బయటివాళ్ళకేం తెలుసు. ఆ రోజు రేడియో "రెండేసి చుక్కలు, కంట్లో, రోజుకి మూడుసార్లు" అని చదువుతుంటే కింద ఆవరణలో ఎవడో కారు వెనక్కి తీస్తున్నాడు. గోడకి తగిలిస్తాడా లేదా అని కిటికీలోంచి చూస్తున్నాను. తగల్లేదు. ఆ లేబుల్ నాకు కంఠతా వచ్చు, పదకొండేళ్ళుగా అదే లేబుల్. స్కేలు ప్రూఫు మీదే ఉంది, కానీ నేను

8, శనివారం

నిన్న చివర రాసింది లెక్కలోకి రాదు. కళ్ళు అలిసిపోయి ఏదో రాశాను. అది వేరే రోజు కారు అయ్యుండొచ్చు. ఆ ఆవరణలో కార్లు రోజూ వస్తూనే ఉంటాయి.

గుర్తులేదు.

9, ఆదివారం

ఫోన్లో చీమల గ్రూపొకటి ఉంటే చేరాను. మూడు వందల మందున్నారు. చీమ ఫొటో పెట్టి ఇదేం జాతని అడిగితే పది నిమిషాల్లో ఏడు జవాబులొచ్చాయి. ఒకాయన ఇది చీమే కాదన్నాడు. ఇంకొకాయన అది మచ్చ, అద్దం తుడవమన్నాడు. తర్వాత వాళ్ళిద్దరూ ఒకళ్ళ చదువు గురించి ఒకళ్ళు తిట్టుకున్నారు. చివరికి గ్రూపు పెద్ద నన్నే తీసేశాడు, గొడవలకి కారణం నేనేనట. వాళ్ళిద్దరూ మాత్రం గ్రూపులోనే ఉన్నారు.

ఒక్కటి మాత్రం తేలింది. ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియని చీమంటే కొత్త జాతి కావచ్చు. కొత్త జాతికి కనిపెట్టినవాడి పేరు పెడతారని విన్నాను. ఈ మాట మా ఆవిడకి చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూ ఒకసారి నావంక చూసి, సంజాయిషీ ఎంతవరకు వచ్చిందని అడిగింది. మార్జిన్ గీశానన్నాను.

11, మంగళవారం

రేడియో ఫోన్ చేసింది. ఎత్తకూడదనుకున్నాను, ఎత్తేశాను.

ముందు నా ఆరోగ్యం అడిగింది. ఆమె సస్పెండయి నా ఆరోగ్యం అడుగుతుందేంటని ఒళ్ళు మండింది. తర్వాత అసలు సంగతికొచ్చింది.

"సార్, నేను కంట్లో అనే చదివాను. మీరు విన్నారు కదా."

చూద్దామమ్మా అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. అవును, కాదు అని రెండే జవాబులున్న ప్రశ్నకి మూడోది వెతికి పట్టుకున్నాను. మీరొక్క ముక్క రాస్తే చాలు సార్ అంది, 20తో ముగిసిపోతుందట. అటు నిశ్శబ్దమైపోతే భరించలేక చీమ సంగతి ఎత్తుకున్నాను. తల నలుపని, ఒళ్ళు తెలుపని, నడుం దగ్గర బుడిపె ఉందో లేదో తెలియడం లేదని. ఆమె మధ్యలో ఆపకుండా మొత్తం వింది. ఆ అమ్మాయికి పెద్దవాళ్ళంటే గౌరవం ఎక్కువ.

12, బుధవారం

మా ఆవిడ కౌంటర్‌కి రోజూ వచ్చేవాళ్ళలో కాలేజీలో జువాలజీ చెప్పే మేడం ఒకరున్నారట. చీమల మీదే ఏళ్ళ తరబడి పనిచేశారట. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదంటే మీరడగలేదంది. ఎంక్వైరీ కౌంటర్ బుద్ధి పోనిచ్చుకోదు.

పొద్దంతా కూర్చుని చీమ వివరం రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. రంగు, పొడవు, నడుం, కాళ్ళు, పొట్ట మీద చారలు, "రెండు మీసాలకూ పన్నెండేసి కణుపులు కలవు." ఇరవై రెండేళ్ళ పనితనం అందులో కనబడుతోంది. ఒక్క కొట్టివేత లేదు. కింద సంతకం పెట్టి, స్పిరిట్ సీసాతో సహా మా ఆవిడ చేతికిచ్చాను. ఎంత తేలిగ్గా అనిపించిందో.

మేడం సంతకం పెట్టిన జవాబు రాగానే సంజాయిషీ కూర్చుని రాసేస్తాను. రెండు పనులు నెత్తిన పెట్టుకుంటే రెండూ సరిగ్గా అవ్వవు.

14, శుక్రవారం

జవాబు లేదు.

15, శనివారం

మా ఆవిడ నా బల్ల సర్దింది. మార్జిన్ గీసిన సంజాయిషీ కాగితం మీద చీమ బొమ్మలున్నాయి, పదకొండు. లెక్కపెట్టి మరీ చెప్పింది.

ఆ తర్వాత ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ ఇంట్లో ఆమె కుర్చీ లాక్కుందంటే నాకు గుండె దడ.

"ఏమండీ, ఆ పిల్ల సరిగ్గా చదివిందా, లేదా?"

ఎంక్వైరీ నడుస్తుండగా మాట్లాడకూడదన్నాను. కౌంటర్లో నిలబడి బస్సు ఎప్పుడొస్తుందని అడిగినవాళ్ళకి ఈ జవాబు చెప్తే చెప్పుతో కొడతారంది. తర్వాత కుర్చీ యథాస్థానంలో పెట్టి పనికెళ్ళిపోయింది. చేతిలో పొడి డబ్బా కూడా లేదు, ఆమె ఏమీ చెయ్యలేదు, నాకు మాత్రం కడిగేసినట్టుంది.

17, సోమవారం

జవాబు లేదు. నిజానికి నేనేం దాచడం లేదు. ఆమె చదివింది నాకు వినిపించింది అనుకుందాం. వినిపించినంత మాత్రాన గుర్తున్నట్టు కాదు. గుర్తున్నా, సరిగ్గా గుర్తున్నట్టు కాదు. నా ఉద్యోగంలో అనుమానం ఉన్న చోట సంతకం పెట్టకూడదని నేనే ఎంతమందికో నేర్పాను.

18, మంగళవారం

సంజాయిషీ రేపు రాస్తాను.

19, బుధవారం

సాయంత్రం మా ఆవిడ కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. అంటించి లేదు. ఆమె చదివే ఉంటుంది, మొహం చూస్తే తెలుస్తోంది. ఉత్తరం ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"అయ్యా, మీ చీమ అందింది. వివరం చాలా చక్కగా ఉంది, పుస్తకంలో ఉన్నంత చక్కగా ఉంది. రెండు మీసాలకూ పన్నెండేసి కణుపులని రాశారు. మీరు పంపిన చీమకి మీసం ఒక్కటే ఉంది. రెండోది మొదలంటా విరిగిపోయింది. ఆ ముక్క సీసాలో కూడా లేదు, కాబట్టి సీసాలో వెయ్యకముందే పోయింది. ఉన్న మీసానికి కణుపులు పన్నెండే. కానీ అవి మామూలు భూతద్దానికి కనబడవు. తప్పుగా అనుకోకండి, ఇది నేను మొదటి సంవత్సరం పిల్లలకి కూడా చెబుతాను: ఉండాల్సింది రాయకండి, చూసింది రాయండి. చూడకపోతే చూడలేదని రాయండి.

"జాతి విషయం. ఇది లోకమంతా ఇళ్ళల్లో తిరిగే చీమే, కొత్తదేం కాదు. టాపినోమా మెలనోసెఫాలమ్ అంటారు, తల నల్లదని అర్థం. పోల్చుకోవడం తేలిక. నలిపితే కుళ్ళిన కొబ్బరి వాసన వస్తుంది. పొడి చల్లితే గుంపు చీలి నాలుగు చోట్లకి పోతుంది. తీపి ఎర పెట్టండి."

ముందు బస్సు కుదుపులకి విరిగిందనుకున్నాను. విరిగితే ముక్క సీసాలో ఉండాలి. తర్వాత మేడంకి మర్యాద తెలియదనుకున్నాను. అది కూడా ఎక్కువసేపు నిలబడలేదు. ఏం జరిగిందో నాకు తెలుసు. ఎడం చేత్తో చీమ మీద భూతద్దం పట్టుకుని, కుడి పక్కనున్న పుస్తకం చూసి రాశాను. నేను చీమనే చూస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్మాను. సంతకం కూడా పెట్టాను.

సిగ్గేసింది. చాలా ఏళ్ళ తర్వాత చెవులు వేడెక్కేంత సిగ్గేసింది. ఎవరో మేడం ముందు కాదు. ఆ అమ్మాయి కంట్లో అని చదివింది. నాకు మొదటిరోజు నుంచీ గుర్తుంది. నేను ప్రూఫు వంక చూడలేదు.

20, గురువారం

పొద్దున్న ఏడింటికి కూర్చున్నాను. "ఆమె కంట్లో అనే చదివింది. నేను ప్రూఫు చూడలేదు" అని రాస్తే సరిపోతుంది. అది మరీ మొరటుగా ఉందనిపించింది. నా సర్వీసు గురించి ఒక పేరా పెట్టాను. తీసేశాను. కారు గురించి రాశాను. తీసేశాను. ఏడుసార్లు తిరగరాశాను. చేతిరాత బాగుండాలి కదా.

పూర్తయ్యేసరికి నాలుగున్నర. ఆఫీసు అయిదింటికి మూసేస్తారు. రేపు పొద్దున్నే స్వయంగా ఇస్తాను. ఒక్క రోజులో ఏం మునిగిపోతుంది.

21, శుక్రవారం

మునిగిపోయింది.

మేనేజరు నా ఉత్తరం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు. మీ మంచితనం మాకు కొత్తా అన్నాడు. జూనియర్ కోసం తప్పు నెత్తినేసుకునే సీనియర్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారన్నాడు. మంచితనం కాదు మహానుభావా, నేను చూడలేదు అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చినట్టున్నాయి.

నిన్న సాయంత్రం నాలుగింటికి రేడియో రాజీనామా చేసేసింది. నా దగ్గర్నుంచి ఏ కాగితం రాలేదు కాబట్టి, తప్పు తనదేనని రాసిస్తే డిస్మిస్ చెయ్యకుండా వదిలేస్తామన్నారట. రాసిచ్చింది. "ఆ అమ్మాయే ఒప్పుకుంది కదండీ," అన్నాడు మేనేజరు, నా ఉత్తరం మడిచి నా జేబులోనే పెడుతూ. సోమవారం నుంచి నన్ను పై అంతస్తుకి మారుస్తారట. నాణ్యతా సలహాదారు. కొత్తగా చేరిన పిల్లలకి శ్రద్ధ అంటే ఏంటో నేర్పాలి. కుర్చీ చూపించాడు. చేతులున్న కుర్చీ.

కూర్చుని చూశాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. బాగుంది.

22, శనివారం

కుర్చీ సంగతి చెబితే మా ఆవిడ బాగుందో బాలేదో అనలేదు. రేడియో వాళ్ళింటికి ఎన్నో నంబరు బస్సు వెళ్తుందో చెప్పింది. పది నలభైకి ఉందంది.

రెండో అంతస్తు. తలుపు తనే తీసింది. రండి సార్ అని లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. అన్నీ చెప్పాను. కారు గురించి కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీకు గుర్తుందా సార్?"

"ఉంది."

"ఎప్పట్నించి?"

మొదటిరోజు నుంచి అన్నాను. ఆమె కిటికీ రెక్క వేసి, మళ్ళీ తీసి వచ్చి కూర్చుంది. తర్వాత ఆఫీసులో మాట్లాడినట్టే మాట్లాడింది. పైనున్న బోర్డుకి అప్పీలు పెట్టుకోవడానికి పది రోజులు గడువుందట. మీరిప్పుడు ఏం రాసిచ్చినా నా మీద జాలితో రాశారంటారు సార్, మేనేజరన్నట్టే. అంతా అయిపోయాక కాదు, ఎంక్వైరీ నడుస్తున్న రోజుల్లోనే, ఏ తారీఖుకి ఆ తారీఖున రాసిన కాగితం ఏదైనా ఉందా అనడిగింది.

లేదన్నాను.

23, ఆదివారం

ఉంది.

పొద్దున్న ఈ డైరీ మొదటి పేజీ నుంచి తిరగేశాను. 7వ తారీఖు ఉంది. 8 ఉంది. 17 ఉంది, అది అన్నిటికంటే ఘోరం. ఇది బోర్డు చేతిలో పడితే మంచితనం అన్న మాట ఇంకెవడూ ఎత్తడు. ఉద్యోగం పోతుంది, కుర్చీ పోతుంది, ఇరవై రెండేళ్ళు నమ్మినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. నిన్న లేదన్నది అందుకే. కుర్చీ బాగుందని రాసుకున్న 21వ తారీఖు పేజీ ఒక్కటి చింపేస్తే ఎలా ఉంటుందా అని చాలాసేపు చూశాను. అడుగు వైపు కాస్త చింపాను కూడా. పుస్తకంలో పేజీ చిరిగుంటే ఆ అమ్మాయి మాట ఎవరు నమ్ముతారు. టేపు అంటించాను.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది, ఎప్పట్నించో తెలియదు. ఉద్యోగం పోతుందే అన్నాను. "పోతే పోతుంది," అని పక్కన కూర్చుంది. ఈసారి కుర్చీ లాక్కోలేదు, మంచం మీదే నా పక్కన కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని రాస్తున్నాను.

ఇప్పుడే రేడియోకి ఫోన్ చేశాను. నిన్న అబద్ధం చెప్పాను, ఒక పుస్తకం ఉంది, రేపు పొద్దున్న తెచ్చిస్తాను, అప్పీలుతో పాటు పెట్టుకో అన్నాను. ఈసారి చీమ సంగతి ఎత్తుకోలేదు. తర్వాత, అందులో నీకు అక్కర్లేనివి చాలా ఉన్నాయమ్మా, సగం చీమల గోలే, ఆ పేజీలు వదిలెయ్యి అన్నాను.

"వదలను సార్," అంది. "చదవడమే కదా నా పని."